నీళ్ళ పీపా ముందు పది నిమిషాలు: సమ్మా సతి పాఠం



సమ్మా సతి అనగానే మనలో చాలామంది కళ్ళు మూసుకుంటారు. సతి అంటే ధ్యానం, ధ్యానం అంటే కళ్ళు మూసుకుని కూర్చోవడం అన్న అలవాటు మనకు పడిపోయింది. ఈ పాఠం మాత్రం కళ్ళు తెరుచుకుని చెయ్యాల్సింది. ఇందుకోసం ఒక బొమ్మ తీసుకుందాం. అందులో దేవుడు లేడు, రాజు లేడు, యుద్ధం లేదు. ఒక వంటింట్లో నీళ్ళు నిలవ చేసుకునే రాగి పీపా ఉంది.

దీన్ని గీసినాయన పేరు జాన్ సిమియోన్ షార్దాన్. 1699లో పారిస్‌లో పుట్టాడు, 1779లో అక్కడే చనిపోయాడు. తండ్రి వడ్రంగి, బిలియర్డ్స్ బల్లలు చేసేవాడు. ఈ బొమ్మ సుమారు 1734 నాటిది. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. చెక్క పలక మీద నూనె రంగులతో వేశాడు. ఎత్తు 28 సెంటీమీటర్లు, వెడల్పు 23. అంటే మనం జిరాక్సు తీయించుకునే ఎ4 కాగితమంత. ఫోన్‌లో షార్దాన్ పేరు, రాగి పీపా అని కొట్టి వెతికితే దొరుకుతుంది. దొరికాక ఫోను పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి.

బొమ్మలో ఏముందో చెబుతాను. మూడు కాళ్ళ చెక్క పీట మీద గుండ్రటి పెద్ద రాగి పీపా నిలబడి ఉంది. పైన మూత, కింద చిన్న కుళాయి. నేల మీద ఒక చెక్క బకెట్టు, ఒక కూజా, నీళ్ళు ముంచుకునే గరిటె. వెనక ఖాళీ గోడ. అంతే. మనిషన్నవాడు లేడు. మన దగ్గర కలిగినవాళ్ళ పెరట్లో వేణ్ణీళ్ళకు పెట్టే రాగి బాయిలరును చూసినవాళ్ళకు దీని ఆకారం కొత్తేమీ కాదు. తేడా ఏమిటంటే దీని కింద నిప్పు లేదు. ఆ రోజుల్లో పారిస్ ఇళ్ళకు కుళాయిలు లేవు. నీళ్ళు మోసే కూలీలు భుజాన బకెట్లు వేసుకుని మేడమెట్లెక్కి ఇంటింటికీ తెచ్చి పోసేవాళ్ళు. సేన్ నది నీళ్ళు పీపాలో నిలిస్తే మురికి అడుక్కి దిగేది, తేరిన నీళ్ళు వాడుకునేవారు.

ఇలా కదలని వస్తువుల్ని ముందు పెట్టుకుని గీసే బొమ్మల్ని స్టిల్ లైఫ్ అంటారు, తెలుగులో నిశ్చల చిత్రాలంటున్నాం. ఇంటి లోపలి గదుల్ని, అక్కడి రోజువారీ పనిని, నెమ్మదిని గీసేవి ఇంకో రకం. షార్దాన్ రెండూ గీశాడు. ఆయనకంటే ముందు తరాల్లో హాలండ్‌లో వెర్మీర్ ఒక పనిమనిషి పాలు పోస్తుండగా గీసిన బొమ్మ చాలా పేరు పొందింది, మీలో కొందరు ఏ క్యాలెండరు మీదో చూసే ఉంటారు.

మీకొచ్చే అనుమానం నాకు తెలుసు. పోరాడాల్సినవి ఇన్ని ఉండగా, వాడలో పిల్లలకు హాస్టలు సీట్లే దొరకని రోజుల్లో, ఎక్కడో ఫ్రాన్సులో ఎవరి వంటింట్లోనో ఉన్న పీపాతో మనకేం పని? న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన చరిత్రలోనే ఉంది, నీళ్ళ పాత్ర చుట్టూ.

బాబాసాహెబ్ తన చిన్ననాటి సంగతులు రాసుకున్న చోట బడిలో నీళ్ళ గురించి చెప్పారు. మిగతా పిల్లలు దాహమేస్తే టీచరును అడిగి కుళాయి దగ్గరికెళ్ళి తాగేవాళ్ళు. ఆయన కుళాయిని ముట్టుకోకూడదు. ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను ఆ రోజు రాకపోతే దాహంతోనే ఉండాలి. కూర్చోవడానికి గోనెపట్టా ఆయనే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. బట్టలు ఇంట్లో అక్కలే ఉతికేవాళ్ళు. చాకలికి డబ్బులివ్వలేక కాదు, అంటరానివాళ్ళ బట్టలు ఉతికే చాకలి దొరక్క. జుట్టు కత్తిరించింది కూడా అక్కే. చూడండి, ఒక కుళాయి, ఒక గోనెపట్టా, ఒక కత్తెర. బాబాసాహెబ్ తన బాధ చెప్పడానికి ఎంచుకున్నవి ఈ వస్తువులే.

ఆ తర్వాత మహద్. 1927 మార్చి 20న చవదార్ చెరువులో ఆయన నీళ్ళు తాగారు, వెంట వచ్చిన వేలమంది తాగారు. చెరువు మైలపడిందని అవతలివాళ్ళు 108 కుండల్లో పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి పోసి శుద్ధి చేసుకున్నారు. పేడతో శుద్ధయ్యే నీళ్ళు మనిషి చెయ్యి తగిలితే ఎలా చెడతాయో వాళ్ళకే తెలియాలి. 1985 జులైలో కారంచేడులో గొడవ మొదలైందీ మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గరే. నీళ్ళు పాడు చేయొద్దన్నందుకు కొట్టబోతే మున్నంగి సువార్త చేతిలో ఉన్న బిందెనే అడ్డంగా ఎత్తింది. మరునాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఇక టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి మీకు నేను చెప్పాలా? చూరులో దోపిన గ్లాసు, తాగి కడిగి మళ్ళీ అక్కడే పెట్టాల్సిన గ్లాసు, మన పెద్దవాళ్ళలో చాలామందికి చేతికి తెలిసిన వస్తువు.

కాబట్టి నీళ్ళ పాత్ర బొమ్మ చూడటమంటే పనిలేని పని అనుకోకండి. పాత్రను పాత్రగా చూడటం ఈ దేశంలో ఎన్నడూ సులువుగా జరగలేదు. అందుకే ఒకాయన దాన్ని ఉత్త పాత్రగా, ఏ మడీ మైలా లేకుండా, వారాల తరబడి కూర్చుని ఎలా చూశాడన్నది మనకు ఉపయోగపడే సంగతి.

బొమ్మల్లోనూ నిచ్చెనమెట్లు

షార్దాన్ కాలంలో ఫ్రాన్సులో రాజుగారి ఆధ్వర్యంలో చిత్రకారుల అకాడమీ ఒకటి ఉండేది. పేరు తెచ్చుకోవాలంటే అందులో చేరాలి. ఆ అకాడమీ తరఫున 1660ల్లోనే ఫెలిబియాన్ అనే పండితుడు బొమ్మలకు వరుస కట్టాడు. అన్నిటికన్నా అడుగున పండ్లు, పువ్వులు, గుల్లలు గీసేవాడు. వాడిపైన ప్రకృతి దృశ్యాలు గీసేవాడు. ఆ పైన బతికున్న జంతువుల్ని గీసేవాడు. ఆ పైన మనుషుల్ని గీసేవాడు. అందరికన్నా పైన పురాణాలు, చరిత్ర, దేవతలు, మహావీరులు గీసేవాడు. దేన్ని గీశాడన్నదాన్ని బట్టి గీసినవాడి అంతస్తు. ఎంత బాగా గీశాడన్నది ఆ తర్వాతి మాట.

చదువుతుంటే మీకేం గుర్తొస్తోందో నాకు తెలుసు. చేసే పనిని బట్టి మనిషికి మెట్టు కట్టడం మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అయితే తొందరపడి రెండూ ఒకటే అనేయకూడదు. అడుగు మెట్టు చిత్రకారుడికి ఊరి బావి మూసేయలేదు. ఆయన పిల్లల్ని బడి బయట కూర్చోబెట్టలేదు. షార్దాన్ 1728లో అకాడమీలో చేరాడు. పొట్ట చీల్చి కొక్కేనికి వేలాడదీసిన టేకు చేప బొమ్మ ఒకటి, పండ్లూ గాజు పాత్రలూ పరిచిన బల్ల బొమ్మ ఇంకొకటి ఇచ్చి చేరాడు. జంతువులు, పండ్లు గీయడంలో నేర్పరి అని రాసుకుని చేర్చుకున్నారు. అంటే కింది మెట్టు మీదే చోటిచ్చారు. తర్వాత ఆయన్ని గౌరవించారు కూడా. 1755లో అకాడమీ డబ్బు లెక్కలు ఆయన చేతిలో పెట్టారు, ప్రదర్శనల్లో అందరి బొమ్మలూ గోడలకు తగిలించే బాధ్యత ఇచ్చారు. దీదెరో లాంటి పెద్ద రచయిత ఆయన బొమ్మల్ని ఆకాశానికెత్తాడు. మన దగ్గర మెట్టు పుట్టుకతో బిగిస్తారు, అక్కడ బిగించలేదు. ఆ తేడా చిన్నది కాదు.

కానీ నిచ్చెన ఉన్నచోట దాని జబ్బు కూడా ఉంటుంది. షార్దాన్‌కు ఒక కొడుకు. కుర్రాణ్ణి ఆయన వంటింటి బొమ్మల్లోకి దించలేదు. పై మెట్టు మీదికే ఎక్కించాలనుకున్నాడు, పురాణ చరిత్రలు గీసే చదువు చెప్పించాడు. 1754లో ఆ కుర్రాడికి అకాడమీ పెద్ద బహుమతి వచ్చింది, ఇటలీ పంపారు. అయినా ఆ దారిలో నిలదొక్కుకోలేకపోయాడు, తండ్రి బతికుండగానే చనిపోయాడు. అడుగు మెట్టు మీద కూర్చుని ఇంత గొప్ప బొమ్మలు వేసిన మనిషికి కూడా కొడుకు మాత్రం పైమెట్టు మీదుండాలనిపించింది. అంచెలంచెల అసమానత గురించి బాబాసాహెబ్ చెప్పింది ఇదే కదా. అందులో అందరూ పైమెట్టు వైపే చూస్తారు, నిచ్చెనను పడగొట్టాలని ఎవరికీ తోచదు. మాల మాదిగల మధ్య, మనలో మనకే ఉన్న మెట్ల దగ్గర ఈ మాట ఒకసారి గుర్తు చేసుకోండి.

బుద్ధుడు ఈ నిచ్చెనను ఎలా తిప్పేశాడో మీకు తెలుసు. వీధులూడ్చే సునీతుడికి సంఘంలో చోటిచ్చాడు. మంగలి ఉపాలికి శాక్య రాజకుమారుల కంటే ముందు ఉపసంపద ఇచ్చాడు, తర్వాత చేరిన రాజకుమారులు ఆయనకే వంగి నమస్కరించాల్సి వచ్చింది.

నీళ్ళు పట్టే మనిషి

ఇప్పుడు రెండో బొమ్మ. ఇది 1733 నాటిది, స్వీడన్‌లో స్టాక్‌హోంలోని నేషనల్ మ్యూజియంలో ఉంది. అదే రాగి పీపా. ఈసారి దాని ముందు ఒకామె నడుం వంచి కూజాలోకి నీళ్ళు పడుతోంది. తలకు తెల్లటి టోపీ. ఆ టోపీ చాటున ముఖం సరిగ్గా కనబడదు. గోడకు కొక్కేనికి మాంసం వేలాడుతోంది. మనవాళ్ళకు అద్దె ఇల్లు ఇచ్చేముందు వంటింట్లో ఏం వండుతారని అడిగే ఊళ్ళలో ఉన్న మనకు, మాంసాన్ని ఇంత నిమ్మళంగా గోడకు వేలాడదీసుకున్న వంటిల్లు చూస్తే కొంచెం అసూయ కలుగుతుంది. వెనక తెరిచిన తలుపులోంచి ఇంకో గది కనబడుతుంది. అక్కడ ఇంకొకామె ఊడుస్తోంది, పక్కన ఒక పిల్ల ఉంది.

మొదటి బొమ్మ చూసి ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాం. నిజంగానే ప్రశాంతంగా ఉంది. ఈ రెండో బొమ్మ ఆ ప్రశాంతత ఎలా తయారైందో చూపిస్తోంది. ఒకామె వంగింది, ఒకామె ఊడ్చింది, ఎవరో మెట్లెక్కి నీళ్ళు మోశారు. గదిలో నిశ్శబ్దం వాళ్ళ చేతుల్లోంచి వచ్చింది. షార్దాన్ గీసిన ఇళ్ళ బొమ్మల్లో చాలావాటిలో ఇలాంటి పని ఉంటుంది. దుంపల చెక్కు తీస్తూ ఆగి ఎటో చూస్తున్న ఆమె, గిన్నె తోముతున్న ఆమె, బజారు నుంచి రొట్టెలు మోసుకొచ్చి అలిసి బల్లకు ఆనుకున్న ఆమె. వాళ్ళను చూసి నవ్వుకోవడానికి గీయలేదు, జాలిపడటానికీ గీయలేదు. పెద్ద పెద్ద మహావీరుల బొమ్మల్లో చూపే శ్రద్ధ వాళ్ళ మీద చూపాడు.

నీళ్ళ కోసం వంగిన ఆ మనిషిని చూస్తే నాకు వెంటనే పుణ్ణిక గుర్తొస్తుంది. థేరీగాథలో ఉంది ఆమె కథ. ఆమె దాసి, అనాథపిండికుడి ఇంట్లో దాసీకి పుట్టిన దాసి. చలికాలంలో కూడా తెల్లవారకముందే ఏట్లోకి దిగి నీళ్ళు మోయాలి. యజమానురాళ్ళు తిడతారని, కొడతారని భయం. ఒకరోజు ఒక బ్రాహ్మణుడు చలికి వణుకుతూ అదే ఏట్లో మునకలేస్తున్నాడు. నేనంటే దెబ్బలకు భయపడి దిగాను, నీకేం భయమని దిగావు అని అడిగింది. పాపం కడుక్కోవడానికని అన్నాడు. నీళ్ళలో మునిగితే పాపం పోయేటట్లయితే కప్పలూ తాబేళ్ళూ పాములూ మొసళ్ళూ అన్నీ నేరుగా స్వర్గానికే పోవాలి కదా అని ఆమె అడిగింది. ఒకవేళ ఈ ఏరు పాపాన్ని మోసుకుపోతే నీ పుణ్యాన్ని కూడా మోసుకుపోతుంది కదా, అప్పుడు నీకేం మిగులుతుందని అడిగింది. ఆ బ్రాహ్మణుడు ఆమె మాటకు తలవంచి బుద్ధ ధమ్మ సంఘాలను శరణు వేడాడు. ఆమె దాస్యం నుంచి విడుదలై భిక్ఖుణి అయ్యింది.

మహద్‌లో 108 కుండలు పోసినవాళ్ళకు జవాబు రెండువేల ఏళ్ళకు ముందే ఒక నీళ్ళు మోసే దాసి చెప్పి ఉంది. ఆమెకు ఈ జవాబు ఎక్కడ దొరికింది? శాస్త్రాల్లో కాదు, ఆమెను చదవనివ్వలేదు. రోజూ ఏట్లో దిగి కప్పలను, తాబేళ్ళను చూసింది. ఉన్నది ఉన్నట్టు చూసింది. సమ్మా సతి అంటే ఇదే, దాసి పని చేసే చోటే ఇది ఆమెకు దొరికింది.

థేరీగాథ చదివినవాళ్ళకు తెలుసు, అందులో చాలామంది థేరీలకు వంటింటి వస్తువులే గురువులు. ముత్త అనే థేరీ రోలూ రోకలీ నుంచి విడుదలయ్యానని సంతోషపడింది. పటాచార కాళ్ళు కడుక్కుంటూ నీళ్ళు పల్లానికి పారడం చూసింది, గదిలో దీపపు వత్తిని సూదితో కిందికి లాగి ఆర్పింది, ఆ దీపం ఆరడంలో ఆమె మనసు విడుదలైంది. ఒక చెంబు, ఒక దీపం, ఒక మంచం. షార్దాన్ చేతిలో పెడితే నిశ్చల చిత్రమయ్యే గది అది.

ఇక్కడ మన ఇళ్ళ గురించి ఒక మాట అనక తప్పదు, నొచ్చుకోకండి. దీక్ష తీసుకున్నాం, దేవుళ్ళ పటాలు తీసేశాం, గోడ మీద బుద్ధుడినీ బాబాసాహెబ్‌నూ పెట్టుకున్నాం. ఆదివారం వందనకు పదిమంది వస్తారు. చాప పరిచి ఉంటుంది, పువ్వులుంటాయి, కొవ్వొత్తి వెలుగుతుంది, గది ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. ఆ గదిని ఎవరు ఊడ్చారు? త్రిసరణ చెప్పేటప్పుడు వంటింట్లో పాలు పొంగకుండా చూస్తూ నిలబడ్డది ఎవరు? ఉపాసికలు వందన సగంలో లేచి వెళ్ళి టీ పెట్టుకొస్తుంటే ఉపాసకులు సమానత్వం మీద చర్చ కొనసాగిస్తున్న సభలు నేను చాలా చూశాను. ఆ గదిని ఎవరైనా బొమ్మ గీస్తే ముఖం కనబడని మనిషి మళ్ళీ వంటింట్లోనే ఉంటుంది. షార్దాన్ కనీసం ఆమెను బొమ్మ మధ్యలో నిలబెట్టాడు.

గ్లాసెడు నీళ్ళు

మూడో బొమ్మ సుమారు 1761 నాటిది. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో ఉంది. రాతి అరుగు లాంటి బల్ల మీద ఒక గాజు గ్లాసు, ముప్పాతిక వంతు నీళ్ళు. పక్కన గోధుమరంగు మట్టి కాఫీ కూజా. ముందు మూడు వెల్లుల్లి గడ్డలు, ఒక ఆకు కొమ్మ. అప్పటికి షార్దాన్‌కు అరవై దాటాయి. ఆయన మెల్లగా గీసేవాడని పేరు, వస్తువును ఎదురుగా పెట్టుకుని చూస్తూ చూస్తూ వేసేవాడు. గ్లాసులో నీళ్ళు పట్టుకున్న వెలుగు చూడండి. వెల్లుల్లి పొట్టు చూడండి. అందులో వేరే అర్థమేదో దాచిపెట్టలేదు. గ్లాసు గ్లాసే, నీళ్ళు నీళ్ళే.

పంచస్కంధాల పాఠంలో రూపం, వేదన, సంజ్ఞ, సంఖారం, విజ్ఞానం అని చెప్పుకున్నాం. వాటిని ఈ గ్లాసు మీద పెట్టి చూద్దాం. కంటికి తగిలింది రూపం. తగిలినప్పుడు కలిగే ఇష్టం, అయిష్టం వేదన. ఇది ఫలానా అని మనసు పేరు పెట్టడం సంజ్ఞ. ఆ పేరును బట్టి చెయ్యి ముందుకు చాపడమో వెనక్కి తీసుకోవడమో సంఖారం. ఇదంతా ఎరుకలోకి వచ్చేది విజ్ఞానం. అంటరానితనం ఈ వరుసలో ఎక్కడుంది? గ్లాసు రూపంలో లేదు. గాజులో లేదు, నీళ్ళలో లేదు. ఇది వాళ్ళ గ్లాసు అన్న పేరులో ఉంది, అంటే సంజ్ఞలో ఉంది. ఆ పేరు ఎవరో నేర్పితే వచ్చింది. నేర్చుకున్నది కాబట్టి మాన్పించవచ్చు. చట్టం చేత్తో మాన్పిస్తుంది, దాన్ని వదలకూడదు. ధమ్మం మనసులో పేరు పుట్టే చోట మాన్పిస్తుంది. రెండూ కావాలి.

ఇది అవతలివాడికే కాదు, మనకూ వర్తిస్తుంది. ఏళ్ళ తరబడి అవమానం తిన్న మనసు కూడా వస్తువులకు పేర్లు పెట్టుకుంటుంది. సత్తు గిన్నె అంటే సిగ్గు, మట్టికుండ అంటే వెనకబాటు, చుట్టాలొస్తే అద్దాల బీరువాలోంచి తీసే పింగాణీ కప్పులంటే గౌరవం. మన అమ్మల చేతుల్లో అరిగిన చెంబును ఎవరైనా వస్తే మంచం కిందికి నెడతాం. షార్దాన్ నాలుగు వెల్లుల్లి రెబ్బల పొట్టుకు ఇచ్చిన గౌరవం మనం ఆ చెంబుకు ఇవ్వలేకపోతున్నాం.

అయితే ఈ బొమ్మను చూసి మరీ మైమరిచిపోకండి. ఆ కాఫీ కూజా సంగతి కూడా అడగాలి. ఆ రోజుల్లో ఫ్రాన్సుకు చక్కెరా కాఫీ ఎక్కువగా వచ్చింది కరీబియన్ దీవుల్లోని దాని వలసల నుంచి, ముఖ్యంగా ఇప్పుడు హైతీ అంటున్న సేన్ దొమింగ్ నుంచి. అక్కడ ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల చేత కొరడాలతో పండించారు. ఆ బానిసలే 1791లో తిరగబడ్డారు, 1804లో స్వతంత్ర దేశం కట్టుకున్నారు. కూజా ఎంత నిశ్శబ్దంగా ఉందో దాని వెనక అంత కేక ఉంది. షార్దాన్ ఆ కేకను గీయలేదు. విన్నాడో లేదో ఆ బొమ్మ చెప్పదు. ఏ వస్తువూ ఒంటరిగా పుట్టదని, దేన్నో ఆధారం చేసుకునే పుడుతుందని పటిచ్చ సముప్పాదం చదువుకున్న మనం, బొమ్మ ఆగిన చోట ఆగకుండా దాని వెనక్కి వెళ్ళి చూడాలి.

బుద్ధుడు కూడా ఒకసారి నీళ్ళ పాత్రనే పాఠంగా పెట్టాడు. అంబలట్ఠికలో ఉన్న రాహులుడి దగ్గరికి వెళ్ళినప్పుడు రాహులుడు ఆసనం వేసి కాళ్ళకు నీళ్ళు పెట్టాడు. బుద్ధుడు కాళ్ళు కడుక్కుని పాత్రలో కొంచెం నీళ్ళు మిగిల్చి, చూశావా అని అడిగాడు. తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడనివాడిలో శ్రమణత్వం ఈ మిగిలిన నీళ్ళంతే అన్నాడు. ఆ నీళ్ళు పారబోసి చూపించాడు, పాత్ర బోర్లించి చూపించాడు, ఖాళీ పాత్ర తిప్పి చూపించాడు. చిన్నపిల్లాడికి ధమ్మం చెప్పడానికి ఇంతకన్నా పరికరం అక్కర్లేకపోయింది. అశోకుడు బైరాట్ దగ్గర రాతి మీద భిక్ఖువులూ భిక్ఖుణులూ ఉపాసకులూ ఉపాసికలూ తరచూ వినాలని చెక్కించిన ధమ్మ పాఠాల జాబితాలో రాహులుడికి చెప్పిన ఈ పాఠం ఉంది. మన అమరావతి స్తూపం పలకల మీద నిండు కుండ, పూర్ణఘటం, మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. నీళ్ళ కుండను పవిత్రం, అపవిత్రం అని పంచుకోని కాలం ఈ కృష్ణ ఒడ్డునే ఒకటి ఉంది.

ఇక ఇంటి దగ్గర చేయాల్సిన అభ్యాసం. మీ వంటింట్లోంచి ఒక పాత్ర తీసుకోండి. కొత్తది వద్దు, బాగా వాడింది తీసుకోండి. చెంబైనా, సొట్టపడిన సత్తు గిన్నైనా, బిందైనా సరే. కిటికీ పక్కన వెలుగు పడేచోట పెట్టి ఎదురుగా కూర్చోండి. ఫోను ఇంకో గదిలో ఉంచండి. పది నిమిషాలు చాలు. మొదట వెలుగు ఎక్కడ పడుతోందో, నీడ ఎక్కడుందో, సొట్ట ఎక్కడుందో మాత్రమే చూడండి. మనసు దానికి పేరు పెడుతుంది, పాతది, చవకది, అమ్మది, సిగ్గు, గర్వం. పెట్టనివ్వండి. పెట్టిన పేరును గమనించి మళ్ళీ గిన్నె దగ్గరికి రండి. చివరి రెండు నిమిషాలు ఇది ఇక్కడికి ఎలా వచ్చిందో ఆలోచించండి. ఎవరు కొన్నారు, ఏ కూలి డబ్బుతో, రోజూ ఎవరు తోముతున్నారు. పిల్లలుంటే వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని పెన్సిలుతో గీయమనండి. బాగా రాలేదని దిద్దకండి.

బాగా చిన్న ఇల్లయితే, ఒక్క గదే అయితే, కూర్చునే చోటు లేదని మానేయకండి. బాబాసాహెబ్ పరేల్‌లో మిల్లు కూలీల మధ్య ఒక్క గదిలోనే చదువుకున్నారు. చోటు చాలక తండ్రి కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తాను మేలుకుని ఉండి, రాత్రి రెండు గంటలకు లేపి చదివించేవారు. ఆ గదిలో ప్రశాంతత ఆ రెండు గంటలప్పుడే దొరికింది, అదీ ఒక మనిషి నిద్ర మానుకుంటే.

వచ్చే ఆదివారం వందనకు వచ్చేటప్పుడు మీరు చూసిన పాత్ర గురించి నాలుగు వాక్యాలు రాసుకుని రండి, ఒక్కొక్కరూ చదువుదాం. ఆ రోజు టీ పెట్టేవాళ్ళ పేర్లు, గ్లాసులు కడిగేవాళ్ళ పేర్లు ముందుగానే విహారం బోర్డు మీద రాస్తాం. జాబితా ఉపాసకులతో మొదలవుతుంది. ఉపాసికలు ముందు వరసలో కూర్చోవాలి, త్రిసరణ నుంచి చివరి వరకు.